తిట్టిన మర్నాడు టైమింగ్ ఎందుకు మెరుగవుతుంది?

వంద మీటర్లు మామూలుగా 12.0 సెకన్లలో పరిగెత్తే కుర్రాడు ఒకడున్నాడనుకుందాం. తిరుత్తణిలోనో తిరువళ్లూరులోనో ఒక కాలేజీ మైదానం. మట్టి ట్రాక్, సున్నంతో గీసిన గీతలు, చేతిలో స్టాప్‌వాచ్‌తో పీడీ సార్. సోమవారం కుర్రాడు 12.4లో వచ్చాడు. సార్ అందరి ముందూ దులిపేసి, నాలుగు రౌండ్లు అదనంగా పరిగెత్తించాడు. మంగళవారం 12.1. తిడితే పనిచేస్తుందని సార్‌కి ఒక పాఠం దొరికింది. బుధవారం అదే కుర్రాడు 11.7లో వచ్చేసరికి భుజం తట్టాడు. గురువారం మళ్ళీ 12.0. మెచ్చుకుంటే నెత్తికెక్కుతారని రెండో పాఠమూ దొరికింది.

రెండూ తప్పుడు పాఠాలే. కుర్రాడి సగటు 12.0. రాత్రి నిద్ర, ఎదురుగాలి, మధ్యాహ్నం తిన్న తిండి, స్టార్టింగ్‌లో కాలు జారడం, ఇవన్నీ కలిసి ఆ సగటు చుట్టూ రోజుకో రకంగా ఆడిస్తాయి. బాగా చెడ్డ రోజు తర్వాత వచ్చేది చాలావరకు మామూలు రోజే. బాగా మంచి రోజు తర్వాత వచ్చేదీ మామూలు రోజే. మధ్యలో సార్ ఏం చేసినా, ఏమీ చేయకుండా వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నా దాదాపు అంతే జరుగుతుంది. తిట్టేది చెడ్డ రోజున, మెచ్చుకునేది మంచి రోజున కాబట్టి తిట్టుకు లేని పేరు వస్తుంది, మెచ్చుకోలుకు లేని నింద వస్తుంది.

నమ్మకం కుదరకపోతే రెండు పాచికలు తీసుకోండి. రెండూ కలిపి 4 గానీ అంతకన్నా తక్కువ గానీ పడితే పాచికల్ని గట్టిగా తిట్టండి. అలా పడే అవకాశం 36లో 6. తిట్టిన తర్వాతి పందెంలో 4 దాటి పడే అవకాశం 36లో 30, అంటే 83 శాతం. 10 గానీ ఎక్కువ గానీ పడితే ముద్దు పెట్టుకోండి. తర్వాతి పందెంలో 10 కన్నా తక్కువ పడే అవకాశం కూడా సరిగ్గా 83 శాతమే. ఒక సాయంత్రం కూర్చుని ఆడితే, పాచికలు తిట్లకే లొంగుతాయని మీరే ప్రమాణం చేస్తారు.

ఈ మాయను ఒక పాఠంగా నిలబెట్టినవాడు మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్. 1960లలో ఇజ్రాయెల్ వైమానిక దళంలో విమానం నడపడం నేర్పే శిక్షకులకు పాఠం చెబుతూ, శిక్ష కన్నా మెచ్చుకోలు మేలని అన్నాడు. అనుభవమున్న ఒక శిక్షకుడు ఒప్పుకోలేదు. పొగిడిన కేడెట్ మర్నాడు చెడగొడతాడు, చీవాట్లు తిన్నవాడు బాగు చేస్తాడు, మేం కళ్ళారా చూస్తున్నాం అన్నాడు. ఆయన చూసింది నిజమే, దానికి చెప్పుకున్న కారణమే తప్పు. కానెమన్ వాళ్ళందరి చేతా వెనక్కి తిరిగి ఒక గుర్తు మీదకి నాణేలు రెండేసిసార్లు విసిరించి, మొదటిసారి దూరంగా పడినవాళ్ళు రెండోసారి మెరుగవడం, దగ్గరగా వేసినవాళ్ళు చెడగొట్టుకోవడం నల్లబల్ల మీద రాసి చూపించాడు. అక్కడ తిట్టినవాడూ లేడు, పొగిడినవాడూ లేడు. 2002లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

కాలేజీ క్రీడల్లో కఠినమైన కోచింగ్ సబబా అని అడిగినప్పుడు మొదట సర్దుకోవలసిన లెక్క ఇది. "మా సార్ కొట్టాడు కాబట్టే బాగుపడ్డాం" అనే సాక్ష్యాల్లో చాలా భాగం ఇక్కడే కొట్టుకుపోతుంది.

నిజమైన మెరుగుదల ఎంత నెమ్మదిగా వస్తుందో చూడాలంటే విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి అంకెలు చాలు. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03లో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా ఆ పరుగు రికార్డుకెక్కలేదు, ఎందుకంటే డోప్ పరీక్ష జరగలేదు, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేడు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి వెనకగాలి సెకనుకు 2.1 మీటర్లు, అనుమతి 2.0 వరకే. ఆ 0.1 వల్ల అదీ పోయింది. మే నెలలో సైప్రస్‌లో 13.23తో చివరకు రికార్డు అధికారికంగా ఆమె పేరుకు వచ్చింది. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో 12.78తో కాంస్యం తెచ్చింది. మూడబిద్రి నుంచి చెంగ్డూకి మూడున్నరేళ్ళు. తగ్గింది 0.25 సెకను.

ఇప్పుడు మన పీడీ సార్ చేతిలోని స్టాప్‌వాచ్ సంగతి. చేత్తో తీసిన వంద మీటర్ల సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చాల్సివస్తే 0.24 సెకను కలపడం అథ్లెటిక్స్‌లో ఆనవాయితీ. పిస్టల్ పొగ చూసి వేలు నొక్కేసరికి అంత తేడా వస్తుంది మరి. ఒక అంతర్జాతీయ క్రీడాకారిణి మూడున్నరేళ్ళ కష్టం ఎంతో, బొటనవేలి ఆలస్యం ఇంచుమించు అంత. ఆ గడియారాన్ని నమ్ముకుని సోమవారం తిట్టు మంగళవారం ఫలించిందని తేల్చడం సాహసమే.

అలాగని కోపానికి అసలు పనే లేదని అనడానికి అంకెలు ఒప్పుకోవు. అమెరికాలో ఉత్తర కాలిఫోర్నియా హైస్కూళ్ళు, కాలేజీలకు చెందిన 23 బాస్కెట్‌బాల్ జట్ల విరామ సమయాల్లో కోచ్‌లు మాట్లాడిన 304 ప్రసంగాలను రికార్డు చేసి, వాటిలో కోపం, అసంతృప్తి ఎంతెంత ఉన్నాయో కొలిచారు. బర్కిలీకి చెందిన బ్యారీ స్టా, ఆయన సహచరుల అధ్యయనం అది, 2019లో అచ్చయింది. కోచ్ గొంతులో అసంతృప్తి పెరిగేకొద్దీ రెండో సగంలో జట్టు మెరుగ్గా ఆడింది, గెలుస్తున్న జట్టయినా సరే. కానీ ఒక హద్దు దాకానే. కోపం కట్టలు తెంచుకున్న చోట ఆట దిగజారింది.

అది ఒక్క మ్యాచ్ లెక్క. ఏళ్ళ తరబడి లెక్క ఇంకోలా ఉంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2000 నుంచి 2006 వరకు ఆరు సీజన్లలో ఆడిన 693 మంది ఆటగాళ్ళను, వాళ్ళ 57 మంది కోచ్‌లను పరిశీలించిన అధ్యయనం ఒకటుంది. అవమానించే కోచ్ కింద పనిచేసిన ఆటగాళ్ళ ఆట తగ్గింది, మైదానంలో దురుసుతనం పెరిగింది. ఆ కోచ్‌ని వదిలి వేరే జట్టుకు వెళ్ళిపోయాక కూడా ఆ మచ్చ వదల్లేదు. విరామ సమయంలో అరిచిన అరుపు 20 నిమిషాల పాటు పనికొస్తే రావచ్చు. అది రోజూ పెట్టే తిండి అయితే ఫలితం వేరు.

ఇక్కడ కఠినం అనే ఒక్క మూటలో రెండు వేర్వేరు సరుకులు కట్టి అమ్ముతున్నారని నా అభిప్రాయం. ఎక్కువ అడగడం ఒకటి, మనిషిని చిన్నబుచ్చడం ఇంకొకటి. రెంటినీ విడదీసి చూపించిన లెక్క జాన్ వుడెన్‌ది. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు 1964 నుంచి 1975 వరకు 12 ఏళ్ళలో 10 జాతీయ టైటిళ్ళు తెచ్చిన కోచ్. ఆయన చివరి సీజన్లో రోలాండ్ థార్ప్, రోనాల్డ్ గాలిమోర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 15 ప్రాక్టీసులు గ్యాలరీలో కూర్చుని ఆయన నోటి నుంచి వచ్చిన ప్రతి మాటనూ గీతలు గీసి లెక్కపెట్టారు. మొత్తం 2,326. అందులో 50.3 శాతం, అంటే దాదాపు 1,170, ఏం చేయాలో ఎలా చేయాలో చెప్పే ఉత్త సూచనలు. మెచ్చుకోళ్ళు 6.9 శాతం. తిట్లు 6.6 శాతం. ఇంకో 8 శాతం ఒక వింత రకం: తప్పు పట్టి, వెంటనే సరైన పద్ధతి చేసి చూపించడం. ఆ రకానికి పరిశోధకులు ఆయన పేరే పెట్టుకున్నారు.

వుడెన్ మెత్తని మనిషేమీ కాదు. సీజన్ మొదటి రోజున పెద్ద పెద్ద ఆటగాళ్ళను కూర్చోబెట్టి, బొబ్బలెక్కకుండా మేజోళ్ళు ముడత లేకుండా ఎలా తొడుక్కోవాలో నేర్పేవాడు. ప్రాక్టీసులో ఏ నిమిషానికి ఏం జరగాలో ముందే చిన్న కార్డు మీద రాసుకొచ్చేవాడు. దేశంలోకెల్లా పేరున్న ఆటగాడు బిల్ వాల్టన్ జుట్టు పెంచుకుని వస్తే, కత్తిరించుకుని రమ్మని పంపేశాడు. ఆ రోజుల్లో వాల్టన్ లేకుండా జట్టు లేదు, అయినా పంపాడు. ఇంతకన్నా కఠినం ఏముంటుంది? కానీ అందులో చెయ్యి లేవలేదు, తల్లిని తిట్టలేదు.

పక్కనే బాబీ నైట్‌ని నిలబెట్టి చూడాలి. ఇండియానా విశ్వవిద్యాలయంలో 29 ఏళ్ళు కోచ్. జీవితకాలంలో 902 విజయాలు, 3 జాతీయ టైటిళ్ళు, 1976లో 32 మ్యాచ్‌ల్లో 32 గెలుపులు. 1985లో మ్యాచ్ మధ్యలో కోర్టులోకి కుర్చీ విసిరాడు. 1997 ప్రాక్టీసులో ఒక ఆటగాడి గొంతు పట్టుకున్న వీడియో 2000లో బయటపడింది, ఆ సెప్టెంబరులోనే ఉద్యోగం పోయింది. 10కి 3 అని చెప్పి వాదన ముగించడం నాకిష్టం లేదు. ఇద్దరు మనుషులతో లెక్క తేలదు, నైట్ మేధావి కోచ్ అనడంలో ఆయన శత్రువులకూ అనుమానం లేదు. తేలేది ఒక్కటే. అరవకుండా 10 గెలవవచ్చని ఒక మనిషి చూపించాక, అరుపు తప్పనిసరి అనే మాట నిలవదు.

మన ఇంటి ఉదాహరణ హైదరాబాదులో ఉంది. 2016 రియో ఒలింపిక్స్ ముందు బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ తన శిష్యురాలు పి.వి. సింధు ఫోను మూడు నెలలు తీసేసుకున్నాడు. రియోలో దిగాక ఐస్‌క్రీమ్ వద్దన్నాడు, ఆమెకిష్టమైన తీపి పెరుగూ వద్దన్నాడు. అప్పటికి ఆమెకు 21 ఏళ్ళు, కాలేజీలో చదువుకునే వయసు. అంతకు కొన్నేళ్ళ ముందు, చిన్నపిల్లగా, ప్రాక్టీసు కోసం ఇంటి నుంచి అకాడమీకి రోజుకు 56 కిలోమీటర్లు తిరిగేది. ఆగస్టు 19న ఫైనల్లో కరోలినా మారిన్ మీద 21-19, 12-21, 15-21. వెండి పతకం వచ్చాక ఫోను తిరిగి ఇచ్చేస్తానని, ఐస్‌క్రీమ్ తినవచ్చని గురువు పత్రికల వాళ్ళతో చెబితే దేశమంతా ముచ్చటపడింది.

ఈ కఠినంలో నాకు తప్పు కనిపించదు. ఎందుకంటే దానికి గడువుంది, ఒప్పుకున్న లక్ష్యముంది, తీసుకున్నది తిరిగి ఇచ్చాడు. కోర్టులో ఆమెతో పాటు తానూ చెమటోడ్చాడు. ఇంకో సంగతి మాత్రం కొంచెం ఇబ్బంది పెడుతుంది. నెమ్మదస్తురాలైన సింధును కోర్టు మధ్యలో నిలబెట్టి, తోటివాళ్ళందరూ చూస్తుండగా గట్టిగా అరవమన్నాడు. అరిచేదాకా రాకెట్ ముట్టనివ్వనన్నాడు. ఆమె ఏడ్చింది. చివరకు అరిచింది. ఆ అరుపే రియోలో ఆమె తీరు మార్చిందని ఇద్దరూ చెబుతారు. కావచ్చు. అదే పని ఇంకో పిల్లతో ఇంకో కోచ్ చేసి ఉంటే ఆ పిల్ల మర్నాటి నుంచి రాకుండా పోయి ఉండవచ్చు. అప్పుడు ఆ కథ ఎవరికీ తెలిసేది కాదు.

గోపీచంద్ శిష్యుల్లో ఇంకో అంకె కూడా ఉంది. 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చిన సైనా నెహ్వాల్ 2014లో ఆయన్ని వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్ళింది. 2015లో ప్రపంచ నంబర్ 1 అయింది. 2017లో తిరిగి వచ్చింది, 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో సింధునే ఓడించి స్వర్ణం తెచ్చింది. వెళ్ళినప్పుడూ గెలిచింది, తిరిగొచ్చినప్పుడూ గెలిచింది. ఈ కథలో నాకు పతకాల కన్నా తలుపు ముఖ్యం. ఆమెకు వెళ్ళే వీలుంది, వచ్చే వీలుంది. దీని గురించి మళ్ళీ చెబుతాను.

వదిలిపోయినవాళ్ళను లెక్కలో వేయని కథల్లో అన్నిటికన్నా పేరుమోసింది టెక్సస్‌లోని జంక్షన్ అనే చిన్న ఊరిది. 1954 సెప్టెంబరులో బేర్ బ్రయంట్ అనే కోచ్ టెక్సస్ ఏ అండ్ ఎం కాలేజీ ఫుట్‌బాల్ జట్టును పది రోజుల శిబిరానికి అక్కడికి తీసుకెళ్ళాడు. కరువు కాలం, ఎండ, నీళ్ళకు విరామం లేదు. సుమారు 100 మంది వెళ్ళారు. చివరిదాకా నిలిచింది 40 మందికి లోపే. ఒకడు వడదెబ్బతో చావు అంచుదాకా వెళ్ళివచ్చాడు. నిలిచినవాళ్ళ మీద పుస్తకం వచ్చింది, టీవీ సినిమా వచ్చింది. ఆ ఏడాది జట్టు ఫలితం: 10 మ్యాచ్‌ల్లో 1 గెలుపు, 9 ఓటములు. రెండేళ్ళ తర్వాత అదే కోచ్ కింద జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు కదా అంటారు. ఆ రెండేళ్ళలో చేరిన కొత్త ఆటగాళ్ళను పక్కన పెట్టి, గెలుపంతా పది రోజుల దాహానికి కట్టబెట్టడం కథకుడి లెక్క. వెళ్ళిపోయిన అరవై మందిలో మంచి ఆటగాడు ఒక్కడూ లేడని ఎవరు చెప్పగలరు?

మనకూ ఇలాంటి జంక్షన్ దగ్గరే. మొదట్లో చెప్పుకున్న తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోది. ఆ తర్వాత మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది, ఇప్పుడు తిరువళ్లూరు జిల్లాలో ఉంది. ఇంట్లో తెలుగు, మైదానంలో తమిళం. ఇంట్లో "దండం దశగుణం భవేత్" అని వింటారు, బయట "అడియాద మాడు పడియాదు" అని వింటారు, కొట్టని ఎద్దు దారికి రాదని. రెండు భాషల సామెతలూ ఒకే పక్షాన ఉన్న ఊరు. ఉపాధ్యాయ దినోత్సవానికి కారణమైన సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరు కూడా ఇదే, గురువును ప్రశ్నించడం ఇక్కడ మరీ మొహమాటం. "రెండు తగిలించినా పర్లేదు సార్, వాడు దారిలో పడితే చాలు" అని కొడుకును చేర్పిస్తూ చెప్పే తండ్రిని చూడని పీడీ ఉండడు.

ఈ ఊళ్ళో కఠినానికి ఇంకో అర్థం కూడా ఉంది, అది ఎండ. వేసవిలో వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రతల జాబితాలో తిరుత్తణి పేరు వేలూరుతో పాటు పై వరసలో కనబడుతూనే ఉంటుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటడం వార్తే కాదు. తమిళుల అగ్ని నక్షత్రం మే మొదట్లో మొదలై నెలాఖరుదాకా ఉంటుంది, అది దిగేలోపే మన రోహిణి కార్తె అందుకుంటుంది. వేసవి శిబిరాలూ ఆ రోజుల్లోనే, సెలవులు కాబట్టి.

ఎండలో ప్రాక్టీసుకు పాదరసం ఒక్కటే చూస్తే చాలదు. క్రీడా వైద్యులు వాడే కొలతకు మూడు థర్మామీటర్లు కావాలి: నీడలో పొడిది, తడి గుడ్డ చుట్టింది, ఎండలో నల్ల గోళంలో పెట్టింది. తడిదాని అంకెకు 0.7, గోళానికి 0.2, పొడిదానికి 0.1 వంతు ఇచ్చి కూడతారు. తడిదానికి అంత బరువు ఎందుకంటే చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, గాలిలో తేమ ఉంటే ఆరదు. ఒక మే రోజును ఊహించి లెక్క వేద్దాం. ఉదయం ఆరింటికి పొడిది 29, తడిది 26, గోళం 30 ఉంటే: 2.9, 18.2, 6 కలిపి 27.1. సాయంత్రం నాలుగింటికి పొడిది 40, తడిది 28, గోళం 50 అయితే: 4, 19.6, 10 కలిపి 33.6. అమెరికాలో జార్జియా రాష్ట్రం హైస్కూలు ఫుట్‌బాల్‌కు పెట్టుకున్న నియమం ప్రకారం ఈ కొలత 92 ఫారెన్‌హీట్, అంటే 33.3 సెల్సియస్ దాటితే ఆరుబయట ప్రాక్టీసు ఉండకూడదు. మన నాలుగు గంటల అంకె ఆ గీత దాటేసింది. ఆరు గంటలది ఆమడ దూరంలో ఉంది. ఒకే కోచ్, అవే రౌండ్లు, అదే పిల్లాడు. మారింది గడియారం ఒక్కటే.

పరిగెత్తే కండరం ఖర్చుపెట్టే శక్తిలో పాతిక శాతం కూడా పరుగుకు పోదు, మిగిలినదంతా వేడిగా మారుతుంది. అందుకే వడదెబ్బ తగిలేవాళ్ళలో ఓపిక లేనివాళ్ళ కన్నా, సార్ ఆపమనేదాకా ఆగని బుద్ధిమంతులు ఎక్కువగా ఉంటారు. లోపలి ఉష్ణోగ్రత 40 దాటి, మాట తడబడి, ఎక్కడున్నాడో తెలియని స్థితికి వచ్చాడంటే ఇక లెక్క నిమిషాల్లోనే. మసాచుసెట్స్‌లో ఫాల్మత్ అనే ఊళ్ళో ఏటా జరిగే ఏడు మైళ్ళ పరుగులో 18 పోటీల కాలంలో 274 మందికి ఇలాంటి వడదెబ్బ తగిలింది. అందరినీ అక్కడికక్కడే ఐసు నీళ్ళ తొట్టిలో ముంచారు. 274 మందీ బతికారు.

మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఆ తొట్టి వాడలేదు. 2018 మే 29న ఫుట్‌బాల్ జట్టు ప్రాక్టీసులో 110 గజాల పరుగులు పదేసి పెట్టారు. 19 ఏళ్ళ జోర్డన్ మెక్‌నెయిర్ కూలబడ్డాడు. లక్షణాలు కనిపించాక సుమారు గంటకు గానీ ఆంబులెన్స్‌కు ఫోను వెళ్ళలేదు. జూన్ 13న చనిపోయాడు. అక్టోబరు 31న హెడ్ కోచ్‌ని తీసేశారు. తర్వాత విశ్వవిద్యాలయం కుటుంబానికి 35 లక్షల డాలర్లు ఇచ్చింది. విచారణ జరిపిన కమిషన్ ఆ జట్టు వాతావరణాన్ని విషపూరితం అని అనలేదు. నోరు విప్పడానికి ఎక్కువమంది భయపడ్డారని, అందుకే సమస్యలు లోలోపలే ముదిరాయని అంది. నాకైతే రెండో మాటే ఎక్కువ భయం పుట్టించింది. దుర్మార్గుడు లేకుండా కూడా ఒక పిల్లాడు చనిపోవచ్చని దాని అర్థం.

ప్రాక్టీసు మధ్యలో నీళ్ళు తాగితే కడుపు పట్టేస్తుందని మన మైదానాల్లో ఇప్పటికీ చెబుతారు. నీళ్ళు ఆపడం శిక్షగానూ వాడతారు. ఈ ఒక్క అలవాటుకు మాత్రం ఏ పక్షపు అంకెల్లోనూ సమర్థన దొరకదు. మోకాళ్ళ మీద నిలబెట్టడం, గుంజీలు వందలకు వందలు తీయించడం కూడా ఇందులోకే వస్తాయి. అలవాటు లేని ఒంటితో ఒక్కసారిగా అన్ని గుంజీలు తీయిస్తే కండరం చితికి, ఆ చితికినది మూత్రపిండాలకు అడ్డం పడుతుంది. కాఫీ రంగు మూత్రం దాని గుర్తు. అది కనబడితే మూవ్ రాసి పడుకోబెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక తలుపు సంగతి. తమిళనాడులో ఇంజనీరింగ్ ప్రవేశాల్లో క్రీడాకారులకు 500 సీట్లున్నాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం. రైల్వే, పోలీసు శాఖలు వేరే. ప్రైవేటు కాలేజీల్లో మంచి ఆటగాడికి ఫీజు మాఫీ, హాస్టలు, భోజనం ఇస్తారు. తిరుత్తణి చుట్టుపక్కల పల్లె నుంచి వచ్చిన కబడ్డీ కుర్రాడికి డిగ్రీకి దారి అదే. ఈ మెట్లన్నిటికీ సర్టిఫికెట్లు కావాలి, సర్టిఫికెట్‌కు పోటీలో ఆడాలి, ఆడాలంటే జాబితాలో పేరుండాలి, ఆ జాబితా రాసేది కోచ్. జట్టులోంచి తప్పుకుంటే మాఫీ పోతుంది, మాఫీ పోతే చదువు ఆగుతుంది. సైనా నెహ్వాల్‌కు బెంగళూరు ఉంది. వీడికి పొలం ఉంది, అదీ ఉంటే.

ఒకే తిట్టు ఇద్దరి మీద ఒకలా పనిచేయదని నేననేది ఇందుకే. వదిలి వెళ్ళగలిగినవాడు ఉండిపోతే అది ఒప్పుదల. వెళ్ళలేనివాడు ఉండిపోతే దాన్ని క్రమశిక్షణ అని పిలవడం కోచ్‌కు సుఖం. 2021 మే నెలలో చెన్నైలో ఒక అథ్లెటిక్స్ కోచ్ 19 ఏళ్ళ అమ్మాయి ఫిర్యాదు మీద అరెస్టయ్యాడు. ఆ తర్వాతే మరికొందరు ముందుకొచ్చారు. అది లైంగిక వేధింపుల ఆరోపణ, తిట్ల కన్నా చాలా పెద్ద నేరం. కానీ అన్నాళ్ళు నోళ్ళు మూయించేది ఈ జాబితా, ఈ సర్టిఫికెట్టే. చిన్న తప్పుకు మౌనం అలవాటైన చోట పెద్ద తప్పుకు చోటు దొరుకుతుంది.

చట్టంలో ఏముందంటే, బడిలో 14 ఏళ్ళ లోపు పిల్లల్ని కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. కాలేజీకి ఆ సెక్షన్ రాదు. కొడితే భారతీయ న్యాయ సంహిత 115 వర్తిస్తుంది, కానీ దానికోసం మెట్టెక్కాల్సింది పోలీసు స్టేషన్. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం సురక్షిత క్రీడా విధానం గురించి మాట్లాడుతుంది, దాని చూపు ప్రధానంగా జాతీయ సమాఖ్యల మీద. కాలేజీ విద్యార్థికి చేతికందేది యూజీసీ 2023 నిబంధనలు. వాటి ప్రకారం ప్రతి విద్యాసంస్థలోనూ విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, 15 పనిదినాల్లో తేల్చాలి. కోచ్ మీద కూడా అక్కడ ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆ కమిటీ ఉందన్న సంగతే చాలామంది క్రీడాకారులకు తెలియదు, నోటీసు బోర్డు ఆఫీసు వరండాలో ఉంటుంది, వాళ్ళుండేది మైదానంలో.

15 పనిదినాలంటే ఆదివారాలు, పండగలు కలిపి రెండున్నర వారాల పైనే. అంతర్ కళాశాల పోటీల సెలక్షన్ ఆ లోపే అయిపోవచ్చు, జాబితా మాత్రం అదే కోచ్ చేతిలో ఉంటుంది. కాలేజీలు ఒక్క పని చేయవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. ఫిర్యాదు ఇచ్చిన విద్యార్థి సెలక్షన్ ట్రయల్‌ను పక్క కాలేజీ పీడీ చేత తీయించి, ఆ జాబితా మీద ఆయన సంతకం కూడా పెట్టించాలి.